మంగళగిరి క్రాసింగ్

ఇప్పుడు మంగళగిరి స్టేషన్‌లో ఒక బండి ఇంకో బండి కోసం కాచుకోవాల్సిన పని లేదు. రెండో లైను పడింది, పైన కరెంటు తీగ వచ్చింది. మొన్న ఆదివారం సాయంత్రం ఊరికే అటు నడిచి ప్లాట్‌ఫారం చివర బల్ల మీద కాసేపు కూర్చున్నాను. గుంటూరు వైపు ఒకటి, బెజవాడ వైపు ఒకటి, కొద్ది నిమిషాల తేడాలో రెండు బండ్లు వచ్చి వెళ్ళిపోయాయి. దిగినవాళ్ళు ఫోన్లు చూసుకుంటూ ఆటోల వైపు నడిచారు. రోజూ తిరిగేవాళ్ళకు ఇది ఎంత మేలో నాకు తెలుసు, నేనూ ఏళ్ళ తరబడి అలా తిరిగినవాణ్ణే. అయినా ఆ బల్ల మీద కూర్చున్నంతసేపూ ఒంటి లైను రోజులే కళ్ళలో మెదిలాయి. అప్పట్లో మా ఇంట్లోవాళ్ళం రోజూ కలుసుకునేది ఇంట్లో కాదు, ఆ ప్లాట్‌ఫారం మీద.

బెజవాడలో బయలుదేరిన గుంటూరు పాసింజరు కృష్ణ దాటగానే తాడేపల్లిలో కృష్ణా కెనాల్ జంక్షన్ వస్తుంది. అక్కడ పట్టాలు రెండుగా చీలతాయి. ఒక దారి దుగ్గిరాల మీదుగా తెనాలికి, రెండోది మంగళగిరి, నంబూరు, పెదకాకాని మీదుగా గుంటూరుకు. ఈ రెండో దారి అప్పట్లో ఒంటి లైను. ఎదురుగా వచ్చే బండ్లు దాటుకోవాలంటే ఏదో ఒక స్టేషన్‌లో ఒకటి పక్క లైనులోకి వెళ్ళి నిలబడాలి. సాయంత్రం బండ్లకు చాలా రోజులు ఆ క్రాసింగ్ మా ఊళ్ళోనే పడేది. గుంటూరు నుంచి వచ్చే బండిలో మా నాన్న, బెజవాడ నుంచి వచ్చే బండిలో మా అక్క.

నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తా. అక్క గవర్నర్‌పేటలో ఒక వకీలు గారి దగ్గర టైపిస్టు. ఉదయం అన్నం డబ్బాలు పట్టుకుని ఒకే గుమ్మంలోంచి బయటికి వచ్చి, ఒకే స్టేషన్‌కు వెళ్ళి, ఒకరు తూర్పుకు, ఒకరు పడమటికి అన్నట్టు విడిపోయేవారు. అక్కది ఏటి దారి, నాన్నది మిరపకాయల దారి అనేది అమ్మ.

మాది ఎప్పుడూ రెండు ఊళ్ళ మధ్య ఊరే. బెజవాడకు 12 కిలోమీటర్లు, గుంటూరుకు 20 దాకా. సర్టిఫికెట్టు కావాలన్నా, కోర్టు పని పడినా, కొత్తపేటలో పెద్ద డాక్టరుకు చూపించుకోవాలన్నా గుంటూరు. సినిమాకు, పండగ బట్టలకు, బీసెంట్ రోడ్డులో చెప్పులకు, లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలకు బెజవాడ. బయటి ఊళ్ళలో ఎవరైనా మీదే ఊరని అడిగితే అక్క బెజవాడ పక్కన అనేది, నాన్న గుంటూరు పక్కన అనేవారు. నేను మాత్రం మంగళగిరి అనేవాణ్ణి. పానకాల స్వామి ఊరని చెబితే తెలియనివాళ్ళు అరుదు. కొండ మీద స్వామి నోట్లో బెల్లం పానకం పోస్తే గుటక చప్పుడు వినిపిస్తుందనీ, సగం తాగి సగం భక్తుడికే వదిలేస్తాడనీ, అంత పానకం పోసినా అక్కడ చీమ కనిపించదనీ ఎవరికి చెప్పినా కళ్ళు పెద్దవి చేసుకుని వినేవారు. గుంటూరు నుంచి వస్తుంటే నంబూరు దాటిన దగ్గర నుంచీ కొండ కనిపిస్తూనే ఉంటుంది. దగ్గర పడేకొద్దీ దిగువ గుడి గాలిగోపురం తేలుతుంది. నిద్రపోతున్న నాన్నను పక్కవాళ్ళు ‘గుమాస్తా గారూ, కొండ వచ్చింది’ అని లేపేవారట.

మేము అద్దెకున్నది నేతగాళ్ళ వీధిలో. మా ఇల్లు తప్ప ఆ వరుసలో ప్రతి ఇంట్లోనూ గుంట మగ్గం ఉండేది. తెల్లవారకముందే వీధి పొడవునా పడుగు పరిచేవారు. వెదురు కర్రల ఆసరాతో నడుము ఎత్తున వందల దారాలు బిగువుగా సాగి ఉండేవి. ఎదురింటి బాబాయి గారూ ఆయన ఇద్దరు తమ్ముళ్ళూ పెద్ద కుంచెలు పట్టుకుని, దారాలకు గంజి పట్టిస్తూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవారు. ఎండ ముదిరేలోగా పని అయిపోవాలి. మా గుమ్మానికీ రోడ్డుకీ మధ్య ఆ పడుగు అడ్డం. చుట్టూ తిరిగి వెళ్తే బండి తప్పిపోతుంది. అందుకని నాన్న చేతిసంచి గుండెకు హత్తుకుని, తల వంచి, పడుగు కింద నుంచి అవతలికి వచ్చేవారు. వెనుక అక్క, జడ ముందుకు వేసుకుని, కొంగు నోట కరచుకుని. ఒక్క దారం తగిలినా బాబాయి గారి మనసు చివుక్కుమంటుందని ఇద్దరికీ భయం. ఆయన మాత్రం కుంచె ఆపకుండానే “నిదానం అన్నా, బండి ఇంకా కూత పెట్టలేదు” అనేవారు.

వాళ్ళ పని వాళ్ళ ఇంట్లోనే. తిన్నా, పడుకున్నా, పని చేసినా ఆ నాలుగు గోడల మధ్యే. వానాకాలం మగ్గం గుంటలో నీరు ఊరితే పని ఆగేది, కూలీ ఆగేది. మా ఇంట్లో ఇద్దరూ పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేవాళ్ళు. వాళ్ళకు మమ్మల్ని చూస్తే నెల జీతం ఉన్న అదృష్టవంతులని, మాకు వాళ్ళను చూస్తే పగలు కూడా ఇంట్లోనే ఉండగలిగిన అదృష్టవంతులని. ఆ తరువాత ఆ ఇంటి పిల్లలూ ఒక్కొక్కరే సీజన్ టికెట్లు తీసుకున్నారు. బాబాయి గారి పెద్దబ్బాయి బెజవాడ వన్‌టౌన్‌లో, వస్త్రలత అనే బట్టల బజారులో ఒక దుకాణంలో చేరాడు. తండ్రి నేసిన నిజాం అంచు చీరలాంటివే అక్కడ మడత విప్పి చూపించడం అతని పని. చేరిన నెలలో ఇంటికి వచ్చి, తమ ఇంట్లో ఇచ్చే ధరకూ కౌంటరు మీద చెప్పే ధరకూ ఉన్న తేడా చెబితే బాబాయి గారు చాలాసేపు మాట్లాడలేదట.

బండిలో జనం గురించి చెప్పాలంటే ఒక పూట చాలదు. బేతపూడి, నిడమర్రు మల్లెతోటల నుంచి పూలబుట్టలు వచ్చేవి. తడిగుడ్డ కప్పిన ఆ బుట్టలు తలుపు దగ్గర పెట్టి ఆడవాళ్ళు కిందే కూర్చునేవారు. ఎండాకాలం ఉదయం ఆ పెట్టె ఎక్కితే బెజవాడ దాకా మల్లెల వాసనే. గుంటూరు వైపు బండిలో నాగార్జున విశ్వవిద్యాలయం పిల్లలు నంబూరులో బిలబిలమంటూ దిగిపోతే, అంతవరకూ నిలబడ్డ పెద్దవాళ్ళు అప్పుడు కూర్చునేవారు. కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టడం, మోకాళ్ళ మీద తువ్వాలు పరిచి పేకాట ఆడటం, ఒకరి డబ్బాలో గోంగూర పచ్చడి నలుగురి డబ్బాల్లోకి వెళ్ళడం, ఇవన్నీ రోజూ ఉండేవే. నాన్నకు ఆ పెట్టెలో పదిహేను మంది స్నేహితులు. వాళ్ళ జీతాలు, అప్పులు, పిల్లల మార్కులు అన్నీ తెలుసు. వాళ్ళలో ఒక్కరి ఇల్లు కూడా ఆయన చూసి ఉండరు.

అక్క దారిలో నది ఉంది కాబట్టి దాని కథలే వేరు. రైలు వంతెన ఎక్కగానే మాటలు ఆగిపోతాయని చెప్పేది. రోజూ చూసేవాళ్ళు కూడా ఒక్కసారి ఎడమ వైపు తల తిప్పుతారు. అటు ప్రకాశం బ్యారేజీ, దాని చివర ఇంద్రకీలాద్రి. 1855 నాటి పాత ఆనకట్ట స్థానంలో ఆ బ్యారేజీ 1957లో వచ్చిందని, అంతకుముందు రోడ్డు మీద బెజవాడ వెళ్ళాలంటే పెద్ద ప్రయాణమేనని నాన్న చెప్పేవారు. మా చిన్నతనానికి కనకదుర్గ వారధి ఇంకా లేదు. గుంటూరు నుంచి వచ్చే బస్సులూ లారీలూ అన్నీ బ్యారేజీ మీదే పడేవి. మధ్యలో ఒక ఎడ్లబండి ఉంటే చాలు, వెనుక వరుస సీతానగరం దాకా. అందుకే మా ఊరివాళ్ళకు రైలంటే అంత నమ్మకం.

ప్రతి శుక్రవారం అమ్మ అక్క చేతిలో పావలా పెట్టేది, కృష్ణమ్మకు వెయ్యమని. అక్క ఒక్కసారి కూడా మరిచిపోలేదు. బిళ్ళ వంతెన ఇనుప కమ్ముల మధ్యలోంచి జారి నీళ్ళలో పడితే ఆ వారమంతా మంచిదని, కమ్మికి తగిలి టంగుమంటే దిగులని ఒక లెక్క పెట్టుకుంది. శుక్రవారం రాత్రి అమ్మ అడిగే మొదటి మాట “పడిందా, తగిలిందా?”

ఇక నాన్న చేతుల గురించి చెప్పాలి.

మిర్చి యార్డులో పని చేసేవాళ్ళ బట్టలకు, జుట్టుకు, చర్మానికి ఆ ఘాటు పట్టేస్తుంది. బస్తాలను అక్కడ టిక్కీలంటారు. రైతు తెచ్చిన టిక్కీ కోసి, గుప్పెడు కాయలు అరచేతిలో పోసి, రంగు చూసి, తొడిమ గిల్లి, విరిచి గింజ చూసి, తాలు ఎంత ఉందో అంచనా కట్టాలి. ఆ మాదిరి కాయలు పట్టుకుని రోజుకు ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగేవారో. ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో కారం పోయేది కాదు. సాయంత్రం బండిలో ఆయన పక్కన కొత్తవాళ్ళు కూర్చుంటే నంబూరు వచ్చేలోగా తుమ్ములు మొదలయ్యేవి. పాతవాళ్ళకు అలవాటే. అమ్మ ఆ చొక్కా ఇంట్లోకి రానిచ్చేది కాదు, పెరటి తీగ మీదే. వేడినీళ్ళతో స్నానం చేసి, చేతులకు నూనె రాసుకుని, అప్పుడు లోపలికి వచ్చేవారు.

నాకు రెండేళ్ళప్పుడు ఒకసారి కింద పడి ఏడుస్తుంటే, అప్పుడే బండి దిగి వచ్చిన నాన్న ఎత్తుకుని కళ్ళు తుడిచారట. ఆ రాత్రంతా నేను కళ్ళు తెరవలేదట. అమ్మ నీళ్ళతో కడుగుతూ, పాలు వేస్తూ తెల్లవార్లూ కూర్చుందట. నాకేమీ గుర్తు లేదు. నాన్న మాత్రం మరిచిపోలేదు. ఆ తరువాత స్నానం కాకుండా నన్ను ముట్టుకోవడం మానేశారు. కొన్నాళ్ళకు స్నానం అయ్యాక కూడా మానేశారు. నా తల నిమిరిన, చెయ్యి పట్టుకుని నడిపించిన నాన్న నాకు తెలియదు.

అందుకే స్టేషన్ నుంచి ఇంటికి నడక నాకు అంత ఇష్టం. ఏడెనిమిదేళ్ళ వయసు నుంచి రోజూ సాయంత్రం నేను స్టేషన్‌కు వెళ్ళేవాణ్ణి. వానైతే గొడుగులు, కరెంటు పోతే టార్చిలైటు తీసుకుని. ముందు వచ్చిన బండి పక్క లైనులో నిలబడి నిట్టూరుస్తూ ఉండేది. నాన్న దిగి, వేపచెట్టు కింద పంపు దగ్గర చేతులు కడుక్కుని, అక్క బండి కోసం చూసేవారు. ఆ పది పదిహేను నిమిషాలే ఆయన నాతో మాట్లాడేది. లెక్కలు అడిగేవారు. యార్డులో ఈ రోజు సన్న రకం మిరపకాయలు ఏ ధర పలికాయో చెప్పేవారు. ధర పడిపోయిన రోజు, ఏ రైతు దుకాణం అరుగు మీదే తల పట్టుకుని కూర్చుండిపోయాడో చెప్పేవారు. అప్పుడు మాట మెల్లగా వచ్చేది.

అంతలో స్టేషన్ గంట. బెజవాడ వైపు లైటు కనిపించేది. అక్క దిగి పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకునేది. ముగ్గురం వరుసగా బయలుదేరేవాళ్ళం. అటు చివర నాన్న, మధ్యలో అక్క, ఇటు నేను. నాన్న చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నడిచేవారు. ఆ పావుగంట నడకలో ఇంట్లో సంగతులన్నీ తేలిపోయేవి. నా స్కూలు ఫీజు, అమ్మకు కళ్ళజోడు, అక్కకు వచ్చిన సంబంధాలు, అన్నీ ఆ దారిలో మాట్లాడుకున్నవే. ఇంటికి చేరాక అన్నం తిని పడుకోవడమే మిగిలేది.

1990 మే 9 తుపాను రోజు ఆ క్రాసింగ్ పడలేదు. మధ్యాహ్నానికే దుకాణం మూసేస్తే నాన్న ముందే వచ్చేశారు. అక్క రాలేదు. చీకటి పడేసరికి గాలి హోరు, వాన. బండ్లు ఆగిపోయాయి. ఫోను అన్నది మా వీధిలోనే లేదు. నాన్న స్టేషన్‌కు వెళ్ళి అర్ధరాత్రి దాకా అక్కడే నిలబడ్డారు. తిరిగి వచ్చి తడిబట్టలతోనే అరుగు మీద కూర్చున్నారు. మర్నాడు గాలి కాస్త తగ్గగానే బాబాయి గారి సైకిలు తీసుకుని, నన్ను వెనుక ఎక్కించుకుని బెజవాడ బయలుదేరారు. దారి పొడవునా విరిగిన చెట్లు. ఎక్కడికక్కడ సైకిలు ఎత్తి దాటించాల్సి వచ్చింది. సీతానగరం దగ్గర, బ్యారేజీ దిగి నడిచి వస్తున్న గుంపులో అక్క కనిపించింది. రాత్రి తన ఆఫీసు స్నేహితురాలి ఇంట్లో ఉండిపోయిందట. నాన్నను చూడగానే ఏడ్చేసింది. నాన్న సైకిలు స్టాండు వేసి, దగ్గరికి వెళ్ళి, రెండడుగుల దూరంలో ఆగిపోయారు. భుజం మీది తువ్వాలు తీసి అందించారు. “తుడుచుకో అమ్మా” అన్నారు. అంతే. పక్కనే కృష్ణ ఎర్రగా పోతూ ఉంది.

1993లో అక్క పెళ్ళయింది. బెజవాడ సత్యనారాయణపురంలో కాపురం. ఉద్యోగానికి బండి ఎక్కాల్సిన పని తప్పింది. మర్నాటి నుంచి క్రాసింగ్ మాత్రం మామూలే. నాన్న దిగేవారు, పంపు దగ్గర చేతులు కడుక్కునేవారు. ‘పద’ అనేవారు కాదు. బెజవాడ బండి వచ్చి, అందులోవాళ్ళందరూ దిగి, గేటు దాటి వెళ్ళిపోయేదాకా నిలబడేవారు. అప్పుడు ఇద్దరం నడిచేవాళ్ళం. మధ్యలో అక్క నడిచే చోటు అలాగే వదిలేసి నడిచేవాళ్ళం. నేను ఒకసారి ఆ ఖాళీలోకి జరిగాను. ఆయన ఇంకొంచెం అవతలికి జరిగారు, కారం చేతులు నాకు తగలకుండా.

ఆ తరువాతి మార్పులు అందరికీ తెలిసినవే. వారధి వచ్చింది, రోడ్డు వెడల్పయింది, బెజవాడకూ గుంటూరుకూ మధ్య ఆగకుండా వెళ్ళే బస్సులు వచ్చాయి. 2014లో రాష్ట్రం విడిపోయి రాజధాని మాటలు మొదలయ్యాక మా చుట్టుపక్కల పొలాల ధరలు మా ఊహకు అందకుండా పోయాయి. ఎయిమ్స్ వచ్చింది. 2021లో మంగళగిరి, తాడేపల్లి కలిపి కార్పొరేషన్ చేశారు. మా వీధిలో పడుగు పరిచే చోట ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. రెండిళ్ళలో మగ్గం చప్పుడు ఇంకా వినిపిస్తుంది. అటు వెళ్ళినప్పుడల్లా కాసేపు ఆగి వింటాను.

నాన్న 2000 సంవత్సరం చివర్లో పని మానేశారు. దగ్గు ఎక్కువై, ఇక యార్డుకు వెళ్ళవద్దని డాక్టరు గట్టిగా చెప్పాక. సీజన్ టికెట్టు గడువు మిగిలి ఉన్నా మళ్ళీ గుంటూరు వెళ్ళలేదు. ఆ సంక్రాంతికి అక్క నాలుగేళ్ళ కూతుర్ని తీసుకుని బండిలో వస్తోందని ఉత్తరం రాసింది. బస్సు తేలిక కదా అంటే, పిల్లకు వంతెన చూపించాలట, పావలా వేయించాలట.

నాన్నా నేనూ స్టేషన్‌కు వెళ్ళాం. వేపచెట్టు కింద పంపు దగ్గరికి వెళ్ళి నాన్న చేతులు కడుక్కున్నారు. ఎందుకని నేను అడగలేదు. బండి వచ్చింది. అక్క దిగింది, పిల్లను దించింది. పిల్ల ఒక కన్ను మూసుకుని వెక్కుతోంది. కిటికీ దగ్గర కూర్చుంటానని మారాం చేసిందట, వంతెన దాటాక ఇంజను పొగలోంచి నలుసు పడిందట. అక్క రెండు చేతుల్లో సంచులు. నేను ముందుకు వెళ్ళబోయాను.

నాన్న అప్పటికే మోకాళ్ళ మీద కూర్చున్నారు. కుడిచేతి వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నారు. మళ్ళీ ఒకసారి చూసుకున్నారు. నావైపు తిరిగి, చెయ్యి చాపి, “చూడరా, ఘాటు ఏమైనా ఉందా?” అన్నారు.

నేను వంగి ఆయన చెయ్యి పట్టుకుని వాసన చూశాను. సున్నిపిండి వాసన, పంపు నీళ్ళ తడి.

“లేదు నాన్నా” అన్నాను.

ఆయన పిల్ల గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి, బొటనవేలితో మెల్లగా కన్ను తుడిచారు.